భూదేవి ఋణము (మహానవమి నాటి ఉపన్యాసము)



ఈ నవరాత్రులలో అమ్మవారి సన్నిధిని కూర్చుండి నాలుగు మంచిమాటలు చెప్పుమని ధర్మకర్తల మండలివారు నన్ను పిలిచిరి. విషయమును నన్నే ఎన్నుకొనుమనిరి. సహస్రనామ వైభవమో, మహిషాసుర మర్దన ఘట్టమో చెప్పుదునని మీరు తలచియుందురు. అవి మీరు వినినవే, ఇంకను వినెదరు. నేడు నేను భూమిని గూర్చి చెప్పదలచితిని. దినమెల్ల కాలితో త్రొక్కుచు, ప్రొద్దున నిద్ర లేవగానే క్షమాపణ కోరుకొనునది ఆ తల్లి నొక్కతెనే గదా!

రేపు విజయదశమి. రేపు సాయంకాలము మనము చేయవలసిన విధి సీమోల్లంఘనము. ఊరి పొలిమేర దాటి, జమ్మిచెట్టు కడకు పోయి, పూజించి, పాలపిట్టను చూచి, జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్ళకు మ్రొక్కవలెను. రామగుండము స్టేషనునుండి వచ్చుచు, నన్ను తీసికొని వచ్చిన అతనిని అడిగితిని, "మీ ఊరి జమ్మిచెట్టు ఎక్కడున్నది నాయనా?" అని. "జమ్మి ఉన్న జాగ ఓపెన్‌కాస్టుల పోయింది అయ్యగారూ. ఇప్పుడు కొమ్మ కొట్టుకచ్చి గుడి ముంగట పాతుతున్నం" అనెను. నిన్ననే సద్దుల బతుకమ్మ జరిగినది. తంగేడు, గునుగు ఒకరు నాటితే మొలచునవి కావు, బీళ్ళలో తమంత తాము పూచునవి. నిన్న మన ఆడపడుచులు ఆ పూలను బజారున కట్టల లెక్కన కొనిరి.

ఇది ఎవరినో నిందించుటకు చెప్పుట లేదు. బొగ్గును దూషించుటకు అంతకన్న కాదు. ఈ సభలో కూర్చున్నవారిలో సగముమంది బొగ్గుబాయిలో దిగి పిల్లలను చదివించుకొన్నవారే. 1871లో ఇల్లెందు ప్రాంతమున కింగ్ దొర బొగ్గు జాడ కనిపెట్టిన నాటినుండి, 1889లో అక్కడ త్రవ్వకము మొదలైన నాటినుండి, 1920లో సింగరేణి పేర కంపెనీ ఏర్పడిన నాటినుండి ఈ గోదావరి లోయ లక్షల కుటుంబములకు అన్నము పెట్టినది. 1945లో నిజాము ప్రభుత్వము దానిని తన చేతిలోనికి తీసికొనెను. నేడు నూటికి 51 వంతులు రాష్ట్రమునకు, 49 వంతులు కేంద్రమునకు చెందిన సంస్థ అది. అనగా ప్రజలది. నా తలపైనున్న ఈ దీపము సైతము ఆ బొగ్గుతో వెలుగుచున్నదే. కాని దీపము వెలుగుచున్నదని చమురు పోసినవాని ఋణమును మరచుట తగునా? ఆ ఋణమును గూర్చియే నా మాట.

అథర్వవేదము పండ్రెండవ కాండమున మొదట భూసూక్తము కలదు, 63 మంత్రములు. నేను కృష్ణయజుర్వేదము చెప్పుకొన్నవాడను. ఆ సూక్తమును గురుముఖమున కాక, పెద్దవాడనైన పిదప గ్రంథమునుండి చదువుకొంటిని. చదివినపుడు ఒక మంత్రము వద్ద ఆగిపోతిని. అందు ఋషి భూమిని త్రవ్వనని చెప్పడు. త్రవ్వుదుననియే చెప్పును. అయితే తాను త్రవ్విన చోటు త్వరలో మరల పూడి మొలకెత్తవలెననియు, తన త్రవ్వకము ఆ తల్లి మర్మస్థానమును, హృదయమును తాకకుండవలెననియు వేడుకొనును. వేలయేండ్ల క్రిందట నాగటిచాలు కొరకో, వేరు కొరకో, వేదిక కొరకో గడ్డపార పట్టిన వాని ప్రార్థన అది. ఈ గోదావరిఖనిలో నేడు అది చదివినచో మీ ఊరివాడెవడో వ్రాసినట్లుండును. త్రవ్వుటకు అనుమతి ఉన్నది. మొలకెత్తించు పూచీ కూడ దానితోనే ఉన్నది. ఒకటి పుచ్చుకొని రెండవది విడిచినచో మంత్రమును సగమే పఠించినట్లు.

పూర్వము ఇక్కడ భూగర్భ గనులే ఉండెడివి. క్రింద గని, పైన పొలము. అక్కడక్కడ నేల క్రుంగినను పొలము పొలముగనే ఉండెడిది. ఓపెన్‌కాస్టు వచ్చిన పిదప పైనున్న మట్టినంతయు ఎత్తి ప్రక్కన పోసి, బొగ్గును తీయుట మొదలైనది. మీ పొలిమేరలో ఉన్న గుట్టలు దేవుడు పెట్టినవి కావు, ఓబీ మట్టితో మనము పెట్టినవి. 1970ల తరువాత ఇచట ఉష్ణ విద్యుత్కేంద్రము వచ్చినది, దానికి బూడిద చెరువులు వచ్చినవి. ఎరువుల కర్మాగారము వచ్చి, 1999లో మూతపడి, 2021లో మరల ఉత్పత్తి సాగించినది. ప్రతిదానికి నేల కావలసివచ్చినది. ప్రతిదానికి పరిహారము సొమ్ముగా ఇచ్చిరి. సొమ్ము ఇల్లు అయినది, పెండ్లి అయినది, కొందరికి మోటారుబండి అయి తుప్పు పట్టినది. నేల మరల నేల కాలేదు.

ఇక భూమి ఎవరిది అను ప్రశ్న. ఐతరేయ బ్రాహ్మణము ఎనిమిదవ పంచికలో ఒక గాథ కలదు. విశ్వకర్మ భౌవనుడను రాజు కశ్యప మహర్షిచే మహాభిషేకము పొంది, భూమిని జయించి, ఆ సంతోషమున సమస్త భూమిని ఋషికి దానమీయబూనెను. అప్పుడు భూదేవియే నోరు విప్పినది. తనను దానమిచ్చు అధికారము మర్త్యునకు ఎవ్వనికిని లేదనియు, ఇచ్చినచో తాను నీట మునిగిపోదుననియు, ఋషికి చేసిన వాగ్దానము వ్యర్థమగుననియు చెప్పినదట. చూడుడు, దానము పుచ్చుకొనువాడు కశ్యపుడంతటివాడు. అయినను భూమి ఒప్పుకొనలేదు!

ఈ సంగతినే మీమాంసకులు తర్కమున నిలిపిరి. విశ్వజిద్యాగమున యజమాని తన సర్వస్వమును దక్షిణగా ఈయవలెను. రాజు ఆ యాగము చేసినచో రాజ్యభూమినంతయు ఈయవచ్చునా? ఈయరాదని జైమిని మహర్షి ఆరవ అధ్యాయమున సిద్ధాంతము చేసెను. హేతువేమనగా భూమి అందరికి సమానము. శబరస్వామి భాష్యములో, చేనికి చేనికి యజమానులుందురు గాని భూమండలమునకు యజమాని లేడనియు, రాజునకు కలది రక్షించి తన భాగము గైకొను అధికారమేననియు వివరించెను. ఈ భేదమును బాగుగ గమనించుడు. నీ చేను నీదే. దున్నుకొనుము, పండించుకొనుము, కుమారునకు ఇమ్ము. కాని ఆ చేను అడుగున ఉన్న భూమి అను వస్తువు, నీ తరువాత పుట్టబోవు వానికి కూడ సమానమే. ఆ సమానత్వమును కాపాడవలసినవాడు రాజు. నేడు రాజు అనగా మనము ఓటు వేసి నిలిపిన ప్రభుత్వము, మనము కట్టిన పన్నుతో నిండిన బొక్కసము.

స్మృతికర్తలు దీనికి కొలతలు కూడ చెప్పిరి. గ్రామము చుట్టును నూరు ధనుస్సుల మేర, లేదా శమ్యను మూడుమారులు విసరినంత మేర, విడిచిపెట్టవలెనని మనువు. (శమ్య యనగా యజ్ఞశాలలో వాడు ఒక చిన్న కర్ర. మా చిన్ననాట పాఠశాల పెరటిలో దానిని విసరి కొలిచి గురువుగారిచేత దెబ్బలు తినినవారము.) పట్టణమునకు మూడింతలు విడువవలెనని మనువే చెప్పెను. యాజ్ఞవల్క్యుడు గ్రామమునకు 100, కసబాకు 200, నగరమునకు 400 ధనుస్సులని విధించెను. ధనుస్సు నాలుగు మూరలు. లెక్కించినచో ఊరి నలుప్రక్కల సుమారు రెండు ఫర్లాంగులలో సగము. ఊరు పెద్దదైనకొలది ఖాళీ నేల పెరుగవలెనని వారి మతము. మన కాలమున ఊరు పెద్దదైనకొలది ఖాళీ నేల తరుగుచున్నది! ఆ మేరలో కంచె లేని చేనిని పశువు మేసినచో కాపరికి దండనము లేదని కూడ వారే చెప్పిరి. మన తెలంగాణమున బంచరాయి అని, గైరాను అని, చెరువు శిఖమని పిలిచెడివి ఈ జాతి నేలలే. శాసనములలో కనబడు సప్తసంతానములను తెలిసికొనుడు: తటాకము, నిధి, అగ్రహారము, దేవాలయము, వనము, కృతి, పుత్రుడు. ఏడింట నాలుగు నేలతో ముడిపడినవే. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడి నిలిపినపుడు గుడి ఒక్కటే కట్టి ఊరకుండలేదు. ప్రక్కన చెరువు త్రవ్వించెను, దైవము పేర ఊళ్ళు వ్రాసెను. 2021లో ఆ గుడికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినది. ఆ చెరువు క్రింద నేటికిని పంట పండుచున్నది.

ఇప్పుడు మన కాలపు చట్టమునకు వత్తము. అడవి భూమిని గనికి ఇచ్చినచో, దానికి బదులుగా వేరొకచోట అడవి పెంచవలెనని 1980 నాటి అటవీ సంరక్షణ చట్టము వెంట నియమములు వచ్చినవి. అందుకు వసూలగు సొమ్మును నిలువ చేయుటకు 2016లో పరిహార వనీకరణ నిధి చట్టము చేసిరి. 2013 భూసేకరణ చట్టము పదవ విభాగమున, రెండు పంటలు పండు నీటిపారుదల భూమిని గత్యంతరము లేనపుడే తీసికొనవలెననియు, తీసికొన్నచో అంత బంజరును సాగుకు తేవలెననియు, కానిచో ఆ భూమి విలువకు సమానమైన సొమ్మును వ్యవసాయమునకై జమ కట్టవలెననియు ఉన్నది. మంచి మాటయే. అయితే రాష్ట్రములు కొన్ని తదుపరి సవరణలు చేసికొని, కొన్ని తరహాల పనులకు దానినుండి మినహాయింపు పొందినవి. మేతబీడును, జమ్మి ఉన్న పొలిమేరను అట్లు తలచిన చట్టము నాకు కనబడలేదు.

సొమ్ము లేదా? ఉన్నది. లెక్క చూడుడు. బొగ్గు ధరలో నూటికి 14 రూపాయలు రాయల్టీ. 2015లో గనుల చట్టమును సవరించి జిల్లా ఖనిజ నిధి అని ఏర్పరచిరి. ఆ సంవత్సరము జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులపై, రాయల్టీలో నూటికి 30 వంతులకు సమానమైన సొమ్మును ఆ నిధికి అదనముగా కట్టవలెను. అనగా నూరు రూపాయల బొగ్గు తీసినచో 4 రూపాయల 20 పైసలు. ఇది ఈ నేల పేర, ఈ నేలవలన నష్టపడినవారి పేర వచ్చు సొమ్ము. త్రాగునీరు, వైద్యము, విద్య, పర్యావరణ రక్షణ మున్నగువానికి మొదటి పీట వేయవలెనని విధి. పర్యావరణ రక్షణ అను ఆ ఒక్క మాట క్రింద నా మనవి నిలుపుచున్నాను. ఆ 4 రూపాయల 20 పైసలలో ఒక భాగముతో గని ఊళ్ళ చుట్టునున్న పొలములను, బీళ్ళను ప్రజల పేర కొని, పొలమును పొలముగ, బీడును బీడుగ శాశ్వతముగ నిలుపవలెను. అమ్మదలచిన రైతువద్ద న్యాయమైన ధరకు కొని, నేల పోయిన కుటుంబములకు సాగుకు ఈయవలెను. మొక్కలు నాటి పలక పాతినచో చాలదు.

ప్రజల సొమ్ముతో చేను కొనుట మనకు క్రొత్త కాదు. 2014 ఆగస్టు 15న మన రాష్ట్రము భూమిలేని దళిత కుటుంబములకు 3 ఎకరముల చొప్పున కొని ఇచ్చు పథకమును ఆరంభించినది. అది అనుకొన్నంత సాగలేదు. భూముల ధర ఏటేట పెరుగుట అందులకు ఒక కారణము. అందుచేతనే ఆలసింపరాదనుచున్నాను. నేడు ఎకరమునకు ఈయగలిగినది రేపు గజములకు ఈయవలసివచ్చును.

మీ పిల్లలు చాలమంది అమెరికాలో ఉన్నారు. ఆ దేశము ధనమునకు పేరుగాంచినది గాని, ఇందులో మనము నేర్చుకొనదగినది ఒకటి ఉన్నది. కొలరాడో రాష్ట్రమున బౌల్డర్ అను పట్టణపు ప్రజలు 1967లో ఓటు వేసి, తమపై తామే పన్ను వేసికొనిరి. నూటికి 40 పైసల వంటిది. కొండపాదముల నేలను, పొలములను కొని ఖాళీగ ఉంచుటకే ఆ పన్ను. న్యూయార్కు రాష్ట్రమున సఫోక్ అను జిల్లావారు 1974లో వేరొక దారి తొక్కిరి. చేనును కొనరు. ఆ చేనులో ఇండ్లు కట్టుకొను హక్కును మాత్రము రైతువద్ద వెలకు కొందురు. చేను రైతుదే, సాగు రైతుదే, అమ్ముకొన్నను అమ్ముకొనవచ్చును. కాని ఎవరు కొన్నను అందు ప్లాట్లు వేయరాదు. ఇది చదివినపుడు నాకు శబరస్వామి గుర్తునకు వచ్చెను. చేనికి యజమాని ఉండును, భూమికి ఉండడు అను ఆ భేదమునే వారు దస్తావేజులో వ్రాసికొనిరి!

కొందరు అడుగవచ్చును. "స్వామీ, ఆసుపత్రి లేని ఊరికి బీడు కొనిపెట్టుదురా?" అని. ఆసుపత్రి కావలెను, కాదనను. అయితే ఆసుపత్రిని పదేండ్ల తరువాత కూడ కట్టవచ్చును. ప్లాట్లయిన చేనును నూరేండ్ల తరువాత కూడ చేనుగ మార్చలేము. మరియొక మాట. "ప్లాట్ల ధర వచ్చుచుండగా రైతు ఒక్కడే ఎందుకు ధర్మము మోయవలె?" ఇది న్యాయమైన ప్రశ్న. పట్టణవాసి ఇంటి స్థలము అమ్ముకొని లాభపడుచు, రైతునకు మాత్రము భూదేవి మహిమను బోధించుట కపటము. అందులకే ఆ భారమును బొక్కసము మోయవలెనని నేను చెప్పుట. దానము రైతును అడుగరాదు, వెల ఈయవలెను.

దానము సంగతి మనము చూచితిమి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావేగారి ఎదుట వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరములు ఇచ్చినపుడు దేశమంతయు తెలంగాణము వైపు చూచినది. 1965లో భూదాన చట్టము వచ్చినది. ఆ యజ్ఞము గొప్పది. కాని ఇచ్చినవారి పేరు నిలిచినంతగా ఇచ్చిన నేల నిలువలేదు. పలుచోట్ల అది చేతులు మారి, లేఅవుట్లయి, వ్యాజ్యములయినది. కొనుట ఒక యెత్తు, కాచుట పది యెత్తులు. 2011లో సుప్రీంకోర్టు, పంజాబులోని ఒక ఊరి చెరువు వ్యాజ్యమున, గ్రామ ఉమ్మడి భూములలోని ఆక్రమణలను తొలగించి గ్రామసభకు అప్పగించు పథకములు చేయుమని అన్ని రాష్ట్రములకు చెప్పినది. తీర్పు ఉన్నది. కాపలా ఎవరిది? పూర్వము శాసనమును రాతిపై చెక్కి ఊరి నడుమ నిలిపెడివారు. అక్షరము రానివాడు కూడ ఆ రాయి ఏ నేలకు కాపలాయో ఎరిగియుండెను. కొన్న ప్రతి సర్వే నంబరును అట్లే రాతిపై చెక్కి గుడి ముందో, పంచాయతి ముందో నిలుపవలెనని నా కోరిక.

ఇక నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. నేను చదివిన పాఠశాలకు ఒక పుణ్యాత్ముడు తరి భూమి వ్రాసియిచ్చెను. ఏటా పుష్యమాసమున వడ్ల బండ్లు వచ్చెడివి. బండి దిగిన నాడు మాకు అనధ్యయనము. మూటలు మోయుట, గింజలు ఏరుట. ఇరువదిమంది విద్యార్థులము ఆ అన్నమే తిని వేదము చెప్పుకొంటిమి. నా చదువు ముగిసిన కొన్నేండ్లకు నిర్వాహకులు సభ పిలిచి, కౌలు సరిగా రాదు, భూమిని అమ్మి సొమ్మును బ్యాంకులో ఉంచినచో వడ్డీతో నిశ్చింతగ జరుగునని ప్రతిపాదించిరి. లెక్క కాగితముపై చక్కగ ఉండెను. ఒక్క వృద్ధ పండితుడు వలదనెను. మేము యువకులము ఆయన ఛాందసమునకు నవ్వుకొంటిమి. నేనును తల ఊపితిని. వడ్డీ మారలేదు, బియ్యము ధర మారినది. పదేండ్లు గడువకముందే ఒక్కపూట భోజనమైనది. పిదప నలుగురు విద్యార్థులు. ఆపై తలుపునకు తాళము. ఆ పొలములో ఇప్పుడు మూడంతస్తుల మేడలున్నవి. ఆ వృద్ధుని పాదములకు మ్రొక్కుటకు నేను పోవునాటికి ఆయన లేడు.

అందుచేత ఈ సభలో ధర్మకర్తలకు ఒక విన్నపము. ప్రభుత్వమును అడుగుటకు ముందు మన ఇల్లు చక్కబెట్టుకొనవలెను గదా. 1987 నాటి దేవాదాయ చట్టము ప్రకారము దేవుని భూమిని పై అనుమతి లేక అమ్మరాదు. కాని అమ్మకయే పాడుచేయు మార్గములు పెక్కు కలవు. ఈ మంటపము వెనుకనున్న రెండెకరములలో దుకాణముల సముదాయము కట్టి అద్దెకిచ్చినచో నిత్య ధూపదీప నైవేద్యములకు లోటుండదని ఒక ఆలోచన నడుచుచున్నదని వింటిని. సదుద్దేశమే, శంకించను. మా పాఠశాల వారిదియు సదుద్దేశమే. ఆ రెండెకరములలో నేడు ప్రొద్దున నడచి చూచితిని. తంగేడు ఉన్నది, గునుగు ఉన్నది. తూర్పు మూలన, ఎవరు పెట్టినదో, మనిషెత్తు జమ్మి మొక్క ఒకటి ఉన్నది.

నా మాటలను యథాతథముగ ముద్రింతుమని మండలివారు ముందుగనే వాగ్దానము చేసిరి గనుక ధైర్యముగ చెప్పితిని. ఆ నేలను అమ్మవారికి సమర్పించిన తల్లి ఏమి కోరి ఇచ్చినదో వినకుండ దాని విషయమై ఏమియు నిర్ణయింపరాదని కోరితిని. వారు పెట్టె తెరచి దానపత్రమును వెదకి తెచ్చిరి. ఒక్క పుటయే ఉన్నది. కార్యదర్శిగారు ఇప్పుడు దానిని చదివెదరు. రేపు సాయంకాలము పల్లకి ఏ దారిన పోవలెనో అది వినిన పిదప మీరే నిశ్చయింపుడు.

స్వస్తి.